పంపిణీ అయిపోయాక మొదలైన పని: ఆదోని వైపు బడుల్లో కళ్లద్దాల కార్యక్రమం, ఒక కేస్ స్టడీ

ఆదోని చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో ఒక సేవా క్లబ్ పిల్లలకు కళ్లద్దాల కార్యక్రమం నడుపుతోంది. అందులో నేను ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. క్లబ్ సభ్యుణ్ని కాను. కళ్లు చూసి పవర్ రాసివ్వడం వరకే నా పని. అద్దాలు మాత్రం నా షాపులో చేయించకూడదని మొదటి మీటింగులోనే అనుకున్నాం. రాసేవాడూ అమ్మేవాడూ ఒకడే అయితే అర పాయింటు ఉన్న పిల్లాడికి కూడా జోడు పడుతుంది.

ఇలాంటి పని తమ ఊళ్లో చేద్దామనుకునే క్లబ్బులకూ, టీచర్లకూ, నా వృత్తిలో ఉన్నవాళ్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పిల్లలకు అద్దాలు ఇవ్వడం సులువు. ఆ పిల్లలు మరుసటి ఏడాది కూడా సరైన పవర్ ఉన్న అద్దాలు పెట్టుకుని క్లాసులో కూర్చునేలా చూడడమే కష్టం. క్లబ్ డబ్బూ మనుషులూ ఎక్కువగా అక్కడే ఖర్చు కావాలన్నది నా అభిప్రాయం. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

ఊరు, క్లబ్బు

ఆదోని పత్తి ఊరు. మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు, బట్టల వ్యాపారం మీద బతికే పట్నం. క్లబ్బులో ఉన్నది కూడా ఎక్కువగా ఆ వ్యాపారాలవాళ్లే. కొందరు డాక్టర్లు, లాయర్లు, రిటైరైన టీచర్లు ఉన్నారు. పట్నం దాటితే పరిస్థితి వేరు. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, హొళగుంద, మంత్రాలయం మండలాల్లో తుంగభద్ర పక్కనే పారుతున్నా, చాలా పొలాలు వాన కోసమే ఎదురుచూస్తాయి. ఖరీఫ్ పనులు అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపూ తెలంగాణ వైపూ వెళ్లిపోతాయి. దాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. పిల్లలూ వెంట పోతారు. ఈ ఒక్క విషయం మా కార్యక్రమాన్ని ఎంత తిప్పలు పెట్టిందో తర్వాత చెబుతాను.

క్లబ్ పిల్లల కోసం అంతకుముందు కూడా ఏవో చేస్తూనే ఉంది. ఆగస్టు 15కు నోటుపుస్తకాలు, భోజనం ప్లేట్లు, డ్రాయింగ్ పోటీలు, ఒక బడిలో మంచినీళ్ల ప్లాంటు. వీటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ 2020 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే బ్యాగు, బూట్లు, నోటుపుస్తకాలు, యూనిఫాం కలిపి కిట్టుగా ఇస్తోంది. ప్రభుత్వం మారాక పేరు మారింది గానీ కిట్టు ఆగలేదు. దాంతో క్లబ్ ఇచ్చే నోటుపుస్తకం ఇంట్లో ఉన్న పుస్తకాల మీద ఇంకొకటి అయింది. ఈ మాట క్లబ్ మీటింగులో లేవనెత్తింది ఒక రిటైర్డ్ హెచ్చెమ్ గారు. అప్పటిదాకా పెద్దవాళ్ల శుక్లాల శిబిరాలకే పరిమితమైన కంటి పని బడుల్లోకి రావడం ఆమె మాటతోనే మొదలైంది.

సేవా క్లబ్బులకూ కంటికీ ఉన్న బంధం పాతదే. 1925లో అమెరికాలోని ఒహాయోలో జరిగిన లయన్స్ సమావేశంలో, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడి, చూపులేనివాళ్ల పక్షాన నిలబడమని అడిగారు. అప్పటినుంచి లయన్స్ వాళ్లకు అది ప్రధానమైన పనుల్లో ఒకటయింది. రోటరీ వాళ్లు 1985లో పోలియోను ఎత్తుకున్నట్టే. ఈ రెండు ఉదాహరణల్లోనూ నన్ను ఆకట్టుకునేది ఒకే విషయం: పనిని ఏళ్ల తరబడి వదలకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో భారత్ ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది 2014లో. ఒక ఏడాది ప్రెసిడెంటుగా ఉండి దిగిపోయే మనిషికి అంత దూరం చూడడం ఎంత కష్టమో మా ఊళ్లోనే చూశాను.

ప్రభుత్వం చేయనిదేమీ క్లబ్ కొత్తగా కనిపెట్టలేదు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నాటిది. టీచర్లకు శిక్షణ ఇచ్చి పిల్లల చూపు చూడడం దాని కింద ఎప్పటినుంచో ఉంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి 18 ఏళ్లవరకూ చూస్తుంది. 2019 అక్టోబర్ 10న అనంతపురంలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదటి రెండు దశలూ బడి పిల్లలకే. ఒకే ఊపులో లక్షల మందిని చూడడం ప్రభుత్వానికే సాధ్యం. ఏ క్లబ్బూ దాని దరిదాపుల్లోకి రాలేదు. అయితే ఐదో తరగతిలో ఇచ్చిన జోడు ఏడో తరగతికి బిగుతవుతుంది, పవర్ చాలదు. కాడ విరుగుతుంది, స్క్రూ ఊడిపోతుంది. ఈ చిల్లర పనికి ఊళ్లో ఉండే మనిషి కావాలి. క్లబ్ చోటు అదేనని మేం తేల్చుకున్నాం. తేల్చుకోవడానికి ఒక ఏడాది పట్టింది.

చార్టు ముందు

మొదటి వడపోత టీచర్లే చేస్తారు. ఇంగ్లీషు ‘ఇ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి అచ్చేసిన చార్టు వాడతాం. మూడు కాళ్లు ఎటు ఉన్నాయో పిల్లలు చేత్తో చూపిస్తే చాలు. ఆదోని పట్నంలో ఉర్దూ మీడియం బడులు, సరిహద్దు పల్లెల్లో కన్నడ మీడియం బడులు ఉన్నాయి కాబట్టి అక్షరాలతో పని లేని చార్టే మాకు మేలు. ఆరు మీటర్ల దూరం ఉండే గది దొరకడం కష్టం. అందుకని మూడు మీటర్లకు సరిపడా కుదించిన చార్టును వరండాలో పెడతాం. వెలుగు చార్టు మీద పడాలి, పిల్లల మొహం మీద కాదు. చెప్పడానికి చిన్న విషయమే గానీ, ఎండకు ఎదురుగా నిలబెడితే బాగా కనిపించే పిల్లాడు కూడా కళ్లు చికిలిస్తాడు.

ఒక్కో కన్నూ విడిగా చూడాలి. ఇది టీచర్లకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఒక కన్ను బాగుండి రెండోది బాగా లేని పిల్లలకు ఆ సంగతి వాళ్లకే తెలియదు. రెండు కళ్లూ తెరిచి చూస్తే చార్టంతా చదివేస్తారు. అరచేత్తో మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తారు. అది మోసం కాదు, పరీక్షలో తప్పకూడదన్న టెన్షన్. అందుకే పాత పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరించి ఇస్తున్నాం. వరసలో నిలబడ్డవాళ్లు ముందువాళ్ల జవాబులు బట్టీపట్టేస్తారు కాబట్టి చార్టును నలుగురైదుగురికి ఒకసారి తలకిందులు చేస్తాం. ఏ కంటితోనైనా 6/12 గీత (మంచి చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి) చదవలేనివాళ్ల పేర్లు రిజిస్టరులో పడతాయి. వాళ్లను నేను చూస్తాను. పాసైనవాళ్లలో కూడా కొందరిని మళ్లీ చూస్తాను, టీచరు చేసిన పరీక్ష ఎంత నమ్మకంగా ఉందో తెలియడానికి.

సైట్ ఉందని టీచర్లు ముందే అనుమానించే పిల్లలు ఒకరకం. బోర్డు దగ్గరికి లేచి వెళ్తారు, పక్కవాడి పుస్తకం చూసి రాస్తారు. కానీ దూరం కనిపించని పిల్లల్లో కొందరు అసలు ఏ సంకేతమూ ఇవ్వరు. వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుంటారు. టీచరు లెక్కలో వాళ్లు మొద్దులు. రిజిస్టరులో వాళ్ల పేరు చూసి ‘వీడికా?’ అని టీచర్లు ఆశ్చర్యపోవడం మామూలే.

నా పరీక్షలో ఎక్కువ సమయం రెటినోస్కోపుతోనే, అంటే కంట్లోకి వెలుగు వేసి పవర్ కొలిచే చేతి పరికరంతోనే, పోతుంది. శిబిరాల్లో కంప్యూటర్ మిషను మీద మోజు ఎక్కువ. చిన్నపిల్లల విషయంలో దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. పిల్లల కంటి కండరం బలంగా పనిచేసి ఫోకస్‌ను దగ్గరికి లాగేస్తుంది. మిషను ఆ లాగుడును కూడా మైనస్ పవర్ కింద చూపిస్తుంది. అనుమానం ఉన్నవాళ్లకు కంటి డాక్టరు పర్యవేక్షణలో చుక్కలు వేసి, కండరం వదులయ్యాక మళ్లీ చూడాలి. చుక్కలు వేశాక దగ్గరి అక్షరాలు ఆ రోజుకు మసగ్గా కనిపిస్తాయి, ఎండ భరించలేరు. అందుకని తల్లిదండ్రులకు ముందే చెప్పి, ఒప్పుకున్నాకే వేయిస్తాం. మెల్లకన్ను ఉన్నవాళ్లకూ ప్లస్ పవర్ అనుమానం ఉన్నవాళ్లకూ ఇది తప్పనిసరి.

ఎవరికి అద్దాలు, ఎవరికి కాదు

అద్దాలు లేకుండా 6/9 చదివే పిల్లలకు, తలనొప్పీ మెల్లా లాంటివి లేకపోతే, జోడు ఇవ్వను. దీనిమీద క్లబ్బుతో కొంత గొడవ జరిగింది. ‘వంద జోళ్లు అని ఫ్లెక్సీ కొట్టించేశాం సార్’ అన్నారు ఒకాయన. ఫ్లెక్సీ మార్చుకోండి అన్నాను. ఆయన నవ్వారు గానీ ఫ్లెక్సీ మార్చలేదు. అవసరం లేని జోడు పెట్టుకున్నవాడు నాలుగు రోజుల్లో తీసి పారేస్తాడు. వాణ్ని చూసి, నిజంగా అవసరమైనవాడు కూడా తీసేస్తాడు.

ఇంట్లో పాత కళ్లద్దాలు పోగుచేసి తెస్తామని కొందరు సభ్యులు ముందుకొచ్చారు. మంచి మనసుతో అన్నమాటే. వద్దన్నాం. పెద్దవాళ్ల పవర్, పెద్దవాళ్ల కళ్ల మధ్య దూరం, గీతలు పడ్డ అద్దం పిల్లలకు పనికిరావు. అంధత్వ నివారణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థలు కూడా వాడిన అద్దాల దానాన్ని ప్రోత్సహించడం లేదు.

కొత్త జోడు అంటే ప్రతిదీ ఆర్డరిచ్చి చేయించాల్సిన అవసరం కూడా లేదు. రెండు కళ్ల పవర్ దాదాపు ఒకటే అయి, సిలిండర్ పవర్ (నల్లగుడ్డు వంపు సమంగా లేనప్పుడు వేసేది) పెద్దగా లేకపోతే, రెడీమేడ్ జోడు సరిపోతుంది. బెంగళూరు ప్రాంత బడుల్లో జరిపి 2017లో ప్రచురించిన ఒక పరీక్షలో రెడీమేడ్ తీసుకున్న పిల్లలూ, చేయించిన జోళ్లు తీసుకున్న పిల్లలూ మూడు నాలుగు నెలల తర్వాత దాదాపు సమానంగా, నాలుగింట మూడు వంతుల మంది, వాడుతూ కనిపించారు. మేం ఇద్దరికీ తేడా తెలియకుండా ఒకే రకం ఫ్రేముల్లో ఇస్తాం. రెడీమేడ్ అయితే అదే రోజు చేతికి వస్తుంది. పల్లె బడికి రెండోసారి జీపు కట్టించుకుని పోవాల్సిన ఖర్చు మిగులుతుంది. జోడు ఖరీదు 300 రూపాయల లోపే. మాకు బండి ఖర్చే ఎక్కువ.

అద్దాలతో తీరని కళ్లు కూడా వస్తాయి. ఎండాకాలం దురదతో కళ్లు నలిపి నలిపి ఎర్రగా చేసుకునే అలర్జీ పిల్లలు ఈ ప్రాంతంలో చాలామంది. పత్తి కట్టె గుచ్చుకుని, ఆ తర్వాత ఆకు పసరో ఆముదమో చనుబాలో పోయించుకుని, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చతో మిగిలినవాళ్లు ఉంటారు. మేనరికపు పెళ్లిళ్లు ఎక్కువ కాబట్టి, చీకట్లో తడుముకునే రేచీకటి పిల్లలు, రెటీనా పుట్టుకతోనే దెబ్బతిన్నవాళ్లు అప్పుడప్పుడూ తగులుతారు. వీళ్లను కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి పంపాలి. సుమారు 100 కిలోమీటర్లు. చీటీ రాసిచ్చి ‘వెళ్లండి’ అంటే వెళ్లరు. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు, అక్కడ ఏ గదిలో ఎవరిని అడగాలో తెలియదు.

క్లబ్ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇక్కడే ఉంది. ఒక సభ్యుడు, మిల్లు పని కొడుక్కి అప్పగించేసినాయన, ఇలాంటి పిల్లలనూ తల్లులనూ తన వెంట కర్నూలు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఓపీ చీటీ రాయించడం, ఏ గదో చూపించడం, మధ్యాహ్నం అన్నం పెట్టించడం, సాయంత్రం బస్సు ఎక్కించడం. ఇంతే. దీనికి ఫోటో లేదు, ప్రెస్ నోట్ లేదు. చూపు తిరిగి రాదని తేలిన పిల్లలకు సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కోసం తిరగడం, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం టీచరుకు అప్పగించడం కూడా ఆయనే చూసుకుంటారు.

స్టేజీ మీద ఇచ్చిన అద్దాలు

మొదటి ఏడాది పంపిణీ మామూలు పద్ధతిలోనే జరిగింది. షామియానా, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వచ్చిన ప్రతి పెద్దమనిషీ రెండు ముక్కలు. పిల్లల్ని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, దాత చేతుల మీదుగా జోడు తొడిగించి, కెమెరా వైపు తిప్పారు.

కొన్ని వారాల తర్వాత క్లబ్ యువజన విభాగంలోని డిగ్రీ కుర్రాళ్లను చెప్పాపెట్టకుండా బడులకు పంపాం. పిల్లల పేరు ఎదురుగా నాలుగు గడులు: పెట్టుకుని ఉన్నారు, సంచిలో ఉంది, ఇంట్లో ఉంది, అసలు లేదు. మొదటి గడిలో కంటే మిగతా మూడింట్లో టిక్కులు ఎక్కువ పడ్డాయి. ఎందుకని అడిగితే వచ్చిన జవాబుల్లో కొన్ని ఊహించినవే. ‘సోడాబుడ్డి’ అంటున్నారు, ‘నాలుగు కళ్లోడా’ అని పిలుస్తున్నారు. ఊహించనివి రెండు. కొందరు తల్లులు జోడును జాగ్రత్తగా ట్రంకు పెట్టెలో దాచారు, పండక్కి పెట్టుకోమన్నారు. ఇంకొందరు పిల్లలు జోడు విరగ్గొట్టి, తిడతారన్న భయంతో ఆ ముక్కల్ని సంచి అడుగున దాచుకుని తిరుగుతున్నారు.

స్టేజీ మీద పిలవడమే తొలి తప్పటడుగని హెచ్చెమ్ గార్లు చెప్పారు. ఊరందరి ముందూ ‘వీడికి కళ్లు కనిపించవు’ అని ప్రకటించినట్టయింది. రెండో ఏడాది నుంచి పద్ధతి మారింది. ఫ్రేములు పళ్లెంలో పెట్టి పిల్లల్నే ఎంచుకోమంటాం. రంగు వాళ్లిష్టం. సైజు, ముక్కు మీద జారకుండా కూర్చోవడం మాత్రం మేం చూస్తాం. పంపిణీ క్లాసులోనే, క్లాస్ టీచరు చేతుల మీదుగా. జోడు పెట్టుకోగానే పిల్లల్ని వరండా చివర నిలబెట్టి, గోడ మీద రంగుతో రాసిన మధ్యాహ్న భోజనం మెనూ చదివిస్తాం. మంగళవారం ఏం కూరో అంత దూరం నుంచి చదివినవాడికి నేను చెప్పాల్సిన పాఠం ఇంకేమీ మిగలదు. మొదటి నాలుగైదు రోజులు నేల ఎత్తుపల్లాలుగా అనిపిస్తుందనీ, అది పోతుందనీ అక్కడే చెబుతాం. ఇది ముందే చెప్పకపోతే ‘అద్దాలు పడలేదు’ అని తీసేస్తారు.

పిల్లల ఫోటోలు మానేశాం. దాతలకు ఫోటో కావాలంటే ఫ్రేముల పళ్లెంతో, టీచర్లతో దిగుతారు. మరో చిన్న మార్పు నా సూచన మీద జరిగింది. నలభై దాటిన టీచర్లకూ, వంట చేసే ఆయాలకూ చత్వారం అద్దాలు ఇచ్చాం. బియ్యంలో రాళ్లు ఏరలేక ఇబ్బంది పడుతున్న ఆయాలకు అది చాలా పెద్ద సాయం. బళ్లో పెద్దవాళ్లు కూడా అద్దాలు పెట్టుకుని తిరుగుతుంటే ఎగతాళి తగ్గుతుందనుకున్నాను. కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఇద్దరు పిల్లలు

ఏడో తరగతి అమ్మాయి. రెండు కళ్లకూ మైనస్ మూడున్నర. మొదటి బెంచీలో కూర్చున్నా బోర్డు కనిపించదు. జోడు ఇచ్చిన మూడో రోజుకే అది ఇంట్లో పెట్టెలోకి చేరింది. తల్లి బడికి వచ్చి చెప్పిన మాట: ‘రేపు పెండ్లికి ఎవురన్నా వస్తే అద్దాల పిల్ల అంటారు సార్. మేమేం జెయ్యాల?’ వెంట వచ్చిన అవ్వది ఇంకో అనుమానం: ‘అద్దాలు పెడితే కండ్లు ఇంగా లోపలికి పోతాయి గదా నాయనా?’

కళ్లు లోపలికి పోవని నేను చెప్పాను. అద్దం పెట్టుకున్నందువల్ల సైట్ పెరగదనీ, పిల్ల ఎదుగుతుంటే కంటి గుడ్డు పొడవు పెరిగి పవర్ మారుతుందనీ వివరించాను. నా మాట పనిచేసినట్టు అనిపించలేదు. పనిచేసింది ఆ రిటైర్డ్ హెచ్చెమ్ గారి మాట. ఆమె వాళ్లింటికి వెళ్లి, మంచం మీద కూర్చుని, తన జోడు తీసి అవ్వ చేతికిచ్చారు. ‘నేను ఐదో తరగతి నుంచి పెట్టుకుంటున్నా అవ్వా. పెండ్లయింది, ఉద్యోగం చేసినా, మనవరాళ్లు కూడా ఉండారు’ అన్నారట. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. జోడు క్లాసు బీరువాలో ఉంటుంది. బళ్లో పెట్టుకుంటుంది, ఇంటికి తీసుకెళ్లదు. మూడున్నర పవర్ ఉన్న పిల్ల రోజంతా పెట్టుకోవాలి. పుస్తకం ప్రకారం ఇది సగం వైద్యమే. అయినా పెట్టెలో ఉండే జోడు కంటే బీరువాలో ఉండే జోడు నయమని ఒప్పుకున్నాను. మరుసటి ఏడాది చూసేసరికి పవర్ నాలుగు దాటింది. ఈసారి ఫ్రేము తనే ఎంచుకుంది. ఇంటికి తీసుకెళ్తోందా అని అడగలేదు.

రెండో తరగతి అబ్బాయి. కుడి కన్ను శుభ్రంగా ఉంది. ఎడమ కంటికి ప్లస్ నాలుగున్నర, చూపు 6/36. రెండు కళ్లతో ఆడతాడు, పరిగెత్తుతాడు, రాస్తాడు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఒక కన్నే మసగ్గా ఉంటే మెదడు దాన్ని పక్కనపెట్టి రెండో కంటితోనే పని కానిస్తుంది. దీన్ని బద్ధక కన్ను అంటాం. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే బాగా తిరిగి వస్తుంది. ఆ తర్వాత కూడా ప్రయత్నించవచ్చు గానీ ఫలితం తగ్గుతూ పోతుంది. ఇతనికి డాక్టరు గారు అద్దంతో పాటు బాగున్న కంటికి రోజూ రెండు గంటలు పట్టీ రాశారు. ఇంట్లో పట్టీ వేయడం జరిగే పని కాదని తెలిసి, క్లాస్ టీచరు ఆ పని తన మీద వేసుకున్నారు. ఉదయం మొదటి రెండు పీరియడ్లు పట్టీ. పట్టీ మీద రోజుకో స్టిక్కరు. మిగతా పిల్లలు తమకూ పట్టీ కావాలని గొడవ చేసేంతవరకూ వెళ్లింది.

కొన్ని నెలల్లో 6/36 కాస్తా 6/18కి వచ్చింది. అప్పుడు కుటుంబం సుగ్గికి పోయింది.

సుగ్గి

మా కార్యక్రమం మొదట్లో ఆగస్టులో పరీక్షలు, అక్టోబరులో పంపిణీగా సాగేది. అంటే అద్దాలు చేతికొచ్చిన కొద్ది వారాలకే పిల్లలు ఊరు వదిలేవాళ్లు. మిరప పొలాల పక్కన గుడిసెల్లో జోడు ఎక్కడ పెట్టుకుంటారు? తొక్కుతారు, పోగొడతారు. పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించేందుకు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. వాటిలో ఉన్న పిల్లల్ని చేరుకోవడం సులువు. కానీ చిన్నపిల్లలనూ, తమ్ముణ్ని ఎత్తుకోవడానికి అవసరమైన ఆడపిల్లలనూ తల్లిదండ్రులు వెంట తీసుకెళ్లిపోతారు.

గుంటూరు వైపు ఉన్న క్లబ్బులకు ఫోన్లు చేశాం. ఇలాంటి క్లబ్బులకు ఊరూరా శాఖలుండడం పెద్ద బలమని మీటింగుల్లో చెప్పుకుంటాం కదా, దాన్ని వాడుకుందామని. ఒకసారి ఫలించింది. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ఫోన్ నంబరు పట్టుకుని, అక్కడి సభ్యుడొకరు పొలానికి వెళ్లి ఒక పాపకు విరిగిన జోడు మార్చి ఇచ్చారు. ఎక్కువసార్లు ఫలించలేదు. కుటుంబం ఒక పొలం నుంచి ఇంకో పొలానికి మారిపోతుంది. మేస్త్రీ ఫోన్ ఎత్తడు. వాళ్లను తప్పుపట్టలేం.

ఆ అబ్బాయి ఉగాదికి తిరిగొచ్చాడు. జోడు లేదు. పట్టీ ఆగిపోయి నెలలైంది. చూపు 6/24కి దిగింది. కొత్త జోడు ఇచ్చి, వేసవి సెలవుల్లోపు ఉన్న కొద్ది వారాలూ పట్టీ వేయించి, జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు నెమ్మదిగా మెరుగవుతోంది. పోయిన ఆ నెలలు అతనికి ఎంత ఖరీదు పెట్టాయో ఇంకా తెలియదు.

ఈ అనుభవం తర్వాత క్యాలెండరు మొత్తం ముందు నెలలకు జరిపాం. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. జూన్ చివర్లోనే టీచర్ల వడపోత, జూలైలో నా పరీక్ష, ఆగస్టు మొదటికల్లా జోళ్లు. సుగ్గికి పోయేలోపు కనీసం మూడు నెలలైనా అద్దం అలవాటవుతుంది. అలవాటైన అద్దాన్ని పిల్లలే జాగ్రత్తగా చూసుకుంటారు.

జూలై ఒకటి

క్యాలెండరు మార్చడం వినడానికి సులువు. కానీ క్లబ్ ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. లయన్స్, రోటరీ రెంటిలోనూ అంతే. జూన్‌లో పాత ప్రెసిడెంటు లెక్కలు మూసే పనిలో ఉంటారు. జూలైలో కొత్త ప్రెసిడెంటు ప్రమాణ స్వీకారం హడావుడిలో ఉంటారు. బడికి అవసరమైన సమయంలోనే క్లబ్బులో అడిగేవాడు ఉండడు. దానికితోడు ప్రతి ప్రెసిడెంటుకూ తన ఏడాదికి ఒక కొత్త ప్రాజెక్టు కావాలి. పాత ప్రెసిడెంటు ఇచ్చిన జోళ్లకు స్క్రూలు బిగించడం ఎవరి ఘనతా కాదు. నెలనెలా పైకి పంపే రిపోర్టుల్లో ఎన్ని కార్యక్రమాలు, ఎంతమంది లబ్ధిదారులు అని అడుగుతారు. నిరుడు ఇచ్చిన పిల్లాడికే ఈసారి మళ్లీ ఇస్తే కొత్త లబ్ధిదారుడు పెరగడు.

ఈ ముడి విప్పింది క్లబ్బులోని ఒక ఆడిటరు గారు. కంటి పనికి వేరే బ్యాంకు ఖాతా తెరిపించారు. దిగిపోయిన ప్రెసిడెంటు, రాబోయే ప్రెసిడెంటు కలిసి సంతకం పెట్టాలి. దాతలను ‘ఒక పంపిణీ’ అడగడం మాని, ‘ఒక బడి, రెండేళ్లు’ అని అడుగుతున్నారు. ఆ రెండేళ్లలో కొత్త జోళ్లు, విరిగినవాటి మార్పిడి, కర్నూలు ప్రయాణాలు అన్నీ కలిసి ఉంటాయి. రెండేళ్ల హామీ ఉంటే మధ్యలో ప్రెసిడెంటు మారినా పని ఆగదు. రిపోర్టులో కూడా ‘మార్చిన జోళ్లు’ అనే గడి సొంతంగా పెట్టుకున్నారు. పైవాళ్లు ఆ గడిని పట్టించుకుంటారో లేదో గానీ, మా మీటింగులో మాత్రం మొదట చదివేది దాన్నే.

విరిగితే తిట్టకుండా మార్చివ్వడం మా రెండో నియమం. ఎలా విరిగిందని అడగం. ప్రతి బడిలో పీఈటీ సార్ దగ్గర చిన్న పెట్టె ఉంటుంది: సన్న స్క్రూడ్రైవరు, స్క్రూలు, ముక్కు ప్యాడ్లు, చెవి వెనక కట్టుకునే తాడు. ఆటల్లో జోడు విరిగేది ఆయన ముందే కాబట్టి ఆయన్నే ఎంచుకున్నాం. కొత్తలో ‘ఇది కూడా నాకేనా’ అన్న సార్లు ఉన్నారు. ఇప్పుడు ఒకాయన పక్క బడి జోళ్లు కూడా బాగుచేస్తున్నారు. పిల్లలు రోజూ కాసేపు ఎండపొద్దున బయట ఆడితే మైనస్ పవర్ రావడం కొంత తగ్గుతుందని తూర్పు ఆసియా దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ ముక్క కూడా ఆయనకు చెప్పాను. పరీక్షలొస్తున్నాయని ఆటల పీరియడు లాక్కునే మిగతా టీచర్లతో వాదించడానికి ఆయనకది బాగా పనికొచ్చింది.

అన్నీ సర్దుకోలేదు. ట్రాన్స్‌ఫర్ల సీజన్లో శిక్షణ పొందిన టీచర్లు వెళ్లిపోతే కొత్తవాళ్లకు మొదటినుంచి నేర్పాలి. పదో తరగతి దాటిన పిల్లలు మా రిజిస్టరు నుంచి జారిపోతారు. పట్నంలోని చిన్న ఫీజుల ప్రైవేటు బడుల పిల్లలకు ప్రభుత్వ కార్యక్రమాలూ సరిగా అందవు, మేమూ వెళ్లడం లేదు. అంగన్‌వాడీ వయసులో పట్టుకోవాల్సిన బద్ధక కళ్లు రెండో తరగతిలో దొరుకుతున్నాయి. ఆ వయసు పిల్లల్ని చూడడానికి చార్టు చాలదు, వేరే శిక్షణ కావాలి.

ప్రస్తుతం చర్చలో ఉన్నది రెండో జత సంగతి. నవంబరులో సుగ్గికి పోయే ప్రతి పిల్లాడికీ, ఉన్న జోడుతో పాటు మరొకటి గట్టి డబ్బాలో పెట్టి, డబ్బా లోపల మా ఫోన్ నంబరు అంటించి ఇవ్వాలని నా ప్రతిపాదన. బద్ధక కన్ను ఉన్నవాళ్లకైతే పట్టీలు కూడా, ఎలా వేయాలో తల్లికి చేసి చూపించి. డబ్బు దండగని వాదించేవాళ్లు క్లబ్బులో ఉన్నారు. రెండో జతా పోగొడతారన్నది వాళ్ల వాదన. కొందరు పోగొడతారు, నిజమే. పెద్దకడబూరు వైపు బడులకు ఇద్దరు దాతలు ఒప్పుకున్నారు. కోసిగి బడుల సంగతి వచ్చే మీటింగులో తేలాలి.